అధికారం కూడా అమానతే

ఇండొనేషియాలోని ఆచే రాష్ట్ర రాజధాని బండా ఆచే. ఆ నగరంలో బ్లాంగ్ పడాంగ్ అనే మైదానం ఉంది. అక్కడ ఒక పాత డకోటా విమానాన్ని స్మారక చిహ్నంగా నిలబెట్టారు. అది యుద్ధంలో గెలిచినందుకు పెట్టిన గుర్తు కాదు. ఆచే స్త్రీలు మెడలోంచి, చేతులనుంచి తీసి ఇచ్చిన బంగారానికి గుర్తు.

అది 1948 జూన్ నాటి మాట. ఇండొనేషియా స్వాతంత్ర్యం ప్రకటించుకొని మూడేళ్లు కావస్తోంది. డచ్చివారు మాత్రం పోయిన రాజ్యాన్ని తిరిగి చేజిక్కించుకునే ప్రయత్నంలో ఉన్నారు. దిగ్బంధంలో చిక్కిన కొత్త ప్రభుత్వానికి ఒక విమానం కావలసివచ్చింది. అధ్యక్షుడు సుకర్ణో ఆచే వచ్చి సాయం అడిగారు. వర్తకులు డబ్బు పోగుచేశారు. స్త్రీలు నగలు తీసి ఇచ్చారు. సుమారు 20 కిలోల బంగారం విలువ చేసే ఆ చందాతో కొన్న విమానానికి 'సెలావా' అని పేరు పెట్టారు. బంగారు కొండ అని దాని అర్థం.

ఒంటిమీది బంగారం తీసి దేశాన్ని నిలబెట్టిన ఆ ప్రజలే అయిదేళ్లు దాటగానే అదే దేశంపై తిరగబడ్డారు. 1976లో ఏకంగా స్వతంత్ర రాజ్యం ప్రకటించుకున్నారు. దాదాపు ముప్పై ఏళ్లు నెత్తురు పారింది. చివరకు 2005లో స్వాతంత్ర్యం కోరికను వదులుకొని అదే దేశంలో ఉండటానికి సంతకం చేశారు. ఎందుకు తిరగబడ్డారు? ఎందుకు ఆగారు? ప్రాంతాలకు అధికారం పంచాలా వద్దా, పంచితే దేశం ముక్కలవుతుందా అని వాదించుకునే వారందరూ తెలుసుకోవలసిన కథ ఇది.

మక్కా ముంగిలి

సుమత్రా దీవి వాయవ్య కొస ఆచే. మన నికోబార్ దీవుల దక్షిణ కొసకూ ఆచేకు చెందిన చిట్టచివరి దీవికీ మధ్య దూరం 200 కిలోమీటర్లకు లోపే. జనాభా సుమారు 55 లక్షలు. దాదాపు అందరూ ముస్లిములే. పూర్వం ఆ ద్వీపాల నుంచి హజ్‌కు బయలుదేరే ఓడలకు ఆచే చివరి మజిలీ. అందుకే దానికి 'మక్కా ముంగిలి' అన్న పేరు వచ్చింది.

తెలుగు నేలకు కూడా ఆ రేవు కొత్తది కాదు. 17వ శతాబ్దంలో గోల్కొండ సుల్తానుల ఏలుబడిలో ఉన్న మచిలీపట్నం నుంచి నూలు వస్త్రాలు ఓడల్లో ఆచేకు వెళ్లేవి. 1607 నుంచి 1636 వరకు ఏలిన సుల్తాన్ ఇస్కందర్ ముదా కాలంలో ఆచే మిరియాల వ్యాపారంలో పేరుమోసిన సముద్ర రాజ్యం.

1873లో డచ్చివారు ఆచేపై యుద్ధం ప్రకటించారు. బైతుర్రహ్మాన్ మస్జిదు దగ్గర జరిగిన పోరులో వారి సేనాధిపతి కోహ్లర్ హతుడయ్యాడు. మస్జిదు కాలిపోయింది. ప్రజల ఆగ్రహం చల్లార్చడానికి తరువాత డచ్చివారే దానిని తిరిగి కట్టించారు. అయినా పోరు ఆగలేదు. భర్త తెకు ఉమర్ 1899లో నేలకొరిగాక చూపు మందగించినా అడవుల్లో దళాన్ని నడిపిన చుత్ న్యాక్ ధిన్ అనే వీరనారి పేరు నేటికీ ఇండొనేషియా పాఠ్యపుస్తకాల్లో ఉంది. డచ్చివారిని ఎదిరించి మూడు దశాబ్దాలకు పైగా పోరాడిన ప్రజలు వాళ్లు. 1945 తరువాత డచ్చి సేనలు ఆచే ప్రధాన భూభాగంలోకి మళ్ళీ అడుగుపెట్టే సాహసం చేయలేదు. కొత్త దేశానికి ఆచే అంత గట్టి అండ.

మొదటి మాట తప్పింది

ఆనాటి ఆచే నాయకుడు తెంకు ముహమ్మద్ దావూద్ బెర్వే. 1939లో ఉలమాల సంఘాన్ని స్థాపించినవారు. ఆచేలో మతం, విద్య, న్యాయం వంటి విషయాలను ఆచే ప్రజలే చూసుకుంటారని సుకర్ణో ఆయనకు మాట ఇచ్చారని అక్కడి ప్రజలు తరతరాలుగా చెప్పుకుంటారు.

జరిగింది వేరు. డచ్చివారు వెళ్లిపోగానే, 1950లో ఆచే ప్రత్యేక రాష్ట్ర హోదాను రద్దు చేసి ఉత్తర సుమత్రాలో కలిపేశారు. ఇక ఏ పనికైనా మెదాన్ నగరానికి పోవాలి. భాష తెలియని, ఆచారం తెలియని అధికారులు వచ్చి పెత్తనం చేశారు. 1953 సెప్టెంబరులో దావూద్ బెర్వే తిరుగుబాటు ప్రకటించారు. అప్పటికీ ఆయన ప్రత్యేక దేశం అడగలేదు. ఇండొనేషియా ఇస్లామీయ రాజ్యం కావాలి, అందులో ఆచేకు తన వ్యవహారాలపై అధికారం ఉండాలి అన్నదే ఆయన కోరిక.

జకార్తా కొంత దిగివచ్చింది. ఆచే మళ్ళీ రాష్ట్రమైంది. 1959లో 'ప్రత్యేక ప్రాంతం' అని బిరుదు ఇచ్చారు. మతం, ఆచారం, విద్య మీ ఇష్టమన్నారు. 1962లో ఆ పెద్దాయన కొండలు దిగివచ్చారు. కానీ సుహార్తో హయాంలో గవర్నర్లను నిలబెట్టేదీ జకార్తాయే, ఖజానా తాళం ఉండేదీ జకార్తాలోనే. బిరుదు మిగిలింది, అధికారం మిగలలేదు.

నేల వారిది, సంపద ఎవరిది?

1971లో ఆచే ఉత్తర తీరాన అరూన్ వద్ద అపారమైన సహజవాయువు బయటపడింది. దానిని ద్రవరూపంలోకి మార్చి 1978 నుంచి ఓడల్లో విదేశాలకు, ముఖ్యంగా జపానుకు పంపసాగారు. ఆ కర్మాగారాల చుట్టూ దీపాలు వెలిగాయి, కంచెలు లేచాయి. కంచె అవతల పల్లెల్లో చేపలు పట్టేవారి బతుకు, వరి పండించేవారి బతుకు ఎక్కడిదక్కడే ఉంది. ఆదాయం జకార్తాకు, ఉద్యోగాలు ఎక్కువగా బయటివారికి పోయాయి.

1976 డిసెంబరు 4న హసన్ ది తీరో అనే ఆయన ఆచే స్వాతంత్ర్యం ప్రకటించారు. డచ్చివారిపై పోరాడి అమరులైన ఉలమాల వంశం ఆయనది. ఆయన స్థాపించిన స్వతంత్ర ఆచే ఉద్యమాన్ని పొడి అక్షరాల్లో 'గామ్' అంటారు. మొదట అది గుప్పెడు మంది ఉద్యమం. ప్రభుత్వం అణచివేయగానే ఆయన దేశం విడిచి స్వీడన్‌లో స్థిరపడ్డారు.

ఆ గుప్పెడు మందిని ప్రజా ఉద్యమంగా మార్చింది ప్రభుత్వ సైన్యమే అనాలి. 1989 నుంచి 1998 వరకు ఆచేను సైనిక చర్యల ప్రాంతంగా ఉంచారు. పిదీ జిల్లాలో 'రుమో గెదోంగ్' అనే పెద్ద ఇల్లు చిత్రహింసల శిబిరమైంది. రాత్రి ఇంటినుంచి తీసుకుపోయిన మనిషి తిరిగిరాలేదు. శవం దొరకదు గనుక జనాజా నమాజూ లేదు. తాను భార్యో, వితంతువో తెలియక ఏళ్లు గడిపిన స్త్రీలు ఎందరో. మొత్తం పోరులో చనిపోయినవారు సుమారు 15,000 మంది అని సాధారణంగా చెబుతారు. గామ్ చేతుల్లోనూ అమాయకుల నెత్తురు అంటింది. బలవంతపు వసూళ్లు, అపహరణలు, జావా నుంచి వచ్చి స్థిరపడిన పేద కూలీలపై దాడులు ఆ చరిత్రలో ఉన్నాయి. వాటిని దాచి చెబితే ఇది చరిత్ర కాదు.

అడిగిందొకటి, ఇచ్చిందొకటి

1998లో సుహార్తో గద్దె దిగారు. ఆ ఆగస్టులో సేనాధిపతి విరాంతో ఆచే ప్రజలకు క్షమాపణ చెప్పారు. మరుసటి ఏడాది ఆగస్టు 30న తూర్పు తిమోర్‌లో జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో 78.5 శాతం మంది ఇండొనేషియా నుంచి విడిపోవాలన్నారు. అది చూసి ఆచే వాసులూ మాకూ అడగండి అన్నారు. 1999 నవంబరు 8న బైతుర్రహ్మాన్ మస్జిదు చుట్టూ లక్షలాది జనం పోగయ్యారు. 'రెఫరెండం' అన్న ఒక్క మాటే గోడల మీద, గుడ్డల మీద, నోళ్లలో.

జకార్తా బెంబేలెత్తింది. తిమోర్ పోయింది, ఆచే కూడా పోతే దేశం విచ్చిపోతుందని భయపడింది. 1999లోనూ 2001లోనూ చట్టాలు చేసి ఆచేకు షరీఅతు అమలు అధికారం, గ్యాసు ఆదాయంలో పెద్ద వాటా ఇస్తున్నామని ప్రకటించింది. ఇక్కడ మనం గమనించవలసింది ఉంది. ఆచే ప్రజలు నమాజు చేసుకోవడానికి, రోజా ఉండటానికి జకార్తా అనుమతి కోసం ఎదురుచూస్తున్న వాళ్లు కారు. తమ బిడ్డలను ఎవరు చంపారో చెప్పమన్నారు, తమ గ్యాసు డబ్బు లెక్క చెప్పమన్నారు. న్యాయం అడిగినవారికి బోర్డులు మార్చి ఇస్తే తృప్తి ఎలా కలుగుతుంది?

వచ్చిన డబ్బయినా పల్లెకు చేరిందా అంటే అదీ లేదు. ఆనాటి గవర్నరు హెలికాప్టర్ కొనుగోలులో అవినీతి కేసులో జైలు పాలయ్యారు. 2002 డిసెంబరు 9న జెనీవాలో కుదిరిన కాల్పుల విరమణ ఆరు నెలలైనా నిలవలేదు. 2003 మే 19న సైనిక శాసనం విధించారు.

ఒక ఆదివారం ఉదయం

2004 డిసెంబరు 26. మన నెల్లూరు, ప్రకాశం, కృష్ణా తీరాల్లో బెస్తపల్లెలను ముంచిన ఆ సునామీ పుట్టింది ఆచే పక్కనే, సముద్రగర్భంలో. ఆచేలో చనిపోయినవారు, గల్లంతయినవారు కలిసి సుమారు 1,70,000 మంది. 2,600 టన్నుల విద్యుత్ నౌకను అల ఎత్తి రెండు మూడు కిలోమీటర్ల లోపల ఇళ్ల మధ్య పడేసింది. చుట్టూ ఊరంతా చదునైనా బైతుర్రహ్మాన్ మస్జిదు నిలిచింది. జనం అక్కడే తలదాచుకున్నారు, శవాలను కూడా అక్కడికే చేర్చారు.

ఆ రోజు బండా ఆచే జైలులో గామ్ ప్రచారకుడు ఇర్వందీ యూసుఫ్ ఖైదీగా ఉన్నారు. వృత్తికి పశువైద్యుడు. నీరు ముంచెత్తుతుంటే పైకప్పు ఛేదించుకొని బయటపడ్డారు. తోటి ఖైదీలు చాలామంది లోపలే మరణించారు. రెండేళ్లు దాటగానే ఆయన ఆచే ప్రజలు నేరుగా ఎన్నుకున్న మొదటి గవర్నరు అయ్యారు.

సునామీయే శాంతి తెచ్చిందని చాలామంది అంటారు. అది సగం నిజమే. అదే అల శ్రీలంకనూ ముంచింది. అక్కడ ప్రభుత్వానికీ, పులులకూ మధ్య యుద్ధం మళ్ళీ రాజుకొని 2009లో భయంకరమైన రక్తపాతంతో ముగిసింది. ఆచేలో సునామీకి ముందే రహస్య సంప్రదింపులు మొదలయ్యాయి. అధ్యక్షుడు సుసీలో బంబాంగ్ యుధోయోనో, ఉపాధ్యక్షుడు యూసుఫ్ కల్లా యుద్ధంతో ఇది తేలదని గ్రహించారు. కొండల్లో నలిగిపోయిన గామ్ కూడా అదే గ్రహించింది. విపత్తు ఆ మనసులను తొందరపెట్టింది.

ఒక్క మాట వదులుకున్నారు

2005 జనవరిలో ఫిన్లాండ్ మాజీ అధ్యక్షుడు మార్తీ అహ్తిసారి మధ్యవర్తిగా హెల్సింకీలో చర్చలు మొదలయ్యాయి. అంతా కుదిరేవరకు ఏదీ కుదిరినట్టు కాదన్నది ఆయన పెట్టిన నియమం. ఫిబ్రవరిలో గామ్ ప్రతినిధులు 'స్వాతంత్ర్యం' అన్న కోరికను పక్కనపెట్టి 'స్వపరిపాలన' అడిగారు. ముప్పై ఏళ్లు ఆ మాట కోసమే ప్రాణాలిచ్చినవారికి అది చిన్న విషయం కాదు.

హుదైబియా ఒప్పంద పత్రంలో తన పేరు పక్కన 'దైవప్రవక్త' అని రాయడానికి మక్కావారు ఒప్పుకోకపోతే, ఆ మాట తీయించి ముహమ్మద్ (స) శాంతినే ఎంచుకున్న సంగతి మనకు తెలుసు. ఆనాడు సహాబాల్లో చాలామందికి అది మింగుడుపడలేదు. పోలికను ఎక్కువ దూరం లాగకూడదు గాని, కాగితం మీది ఒక మాట కన్నా ప్రజల ప్రాణాలు గొప్పవని తెలుసుకోవడానికి ధైర్యం కావాలి. ఆ ధైర్యం ఇరుపక్షాలా కనిపించింది. 2005 ఆగస్టు 15న సంతకాలు జరిగాయి. 2008లో అహ్తిసారికి నోబెల్ శాంతి బహుమతి లభించింది.

ఆ ఒప్పందం ప్రకారం విదేశాంగం, దేశరక్షణ, జాతీయ భద్రత, ద్రవ్య విధానం, న్యాయవ్యవస్థ, మతస్వేచ్ఛ వంటివి కేంద్రం చేతిలో ఉంటాయి. మిగిలిన పరిపాలన ఆచేది. చమురు, గ్యాసు ఆదాయంలో 70 శాతం ఆచేది. ఇండొనేషియాలో పార్టీలన్నీ జాతీయ పార్టీలుగానే ఉండాలి. ఆచేలో మాత్రం స్థానిక పార్టీ పెట్టుకోవచ్చు. ఖైదీలకు క్షమాభిక్ష లభిస్తుంది. సత్యశోధన సంఘం ఏర్పడుతుంది. గామ్ 840 తుపాకులు అప్పగించాలి, 3,000 మంది యోధులను ఇళ్లకు పంపాలి. అందుకు బదులుగా బయటినుంచి వచ్చిన సైన్యం, పోలీసులు వెళ్లిపోవాలి.

గమనార్హమైనది అమలు తీరు. తుపాకుల అప్పగింత, సైన్యం ఉపసంహరణ రెండూ నాలుగు విడతల్లో పక్కపక్కనే జరిగాయి. ఐరోపా, ఆగ్నేయాసియా దేశాల పరిశీలకులు దగ్గరుండి లెక్కపెట్టారు. తుపాకులను అందరి ఎదుట రంపంతో కోశారు. ఆ డిసెంబరు చివరికల్లా ముప్పై వేలకు పైగా సైనికులు, పోలీసులు ఆచే విడిచిపోయారు. 1948లో మాట నోటితో ఇచ్చారు, సాక్షులు లేరు. 2005లో మాట కాగితం మీద ఉంది, గడువు ఉంది, సాక్షులు ఉన్నారు. తేడా అంతా అక్కడే ఉంది.

నిలిచినవి, నిలవనివి

2006లో ఆచే పరిపాలన చట్టం వచ్చింది. ఆ డిసెంబరు ఎన్నికల్లో ఇర్వందీ గెలిచారు. 2009లో మాజీ గెరిల్లాల పార్టీ ఆచే శాసనసభలో 69 స్థానాలకు 33 గెలిచింది. 2008లో హసన్ ది తీరో దాదాపు ముప్పై ఏళ్ల తరువాత జన్మభూమిలో అడుగుపెట్టారు. 2010 జూన్ 3న కన్నుమూశారు. సరిగ్గా ముందురోజు ఆయనకు ఇండొనేషియా పౌరసత్వం తిరిగి ఇచ్చారు. 2025 ఫిబ్రవరిలో గవర్నరుగా ప్రమాణం చేసిన ముజాకిర్ మనాఫ్ ఒకప్పుడు గామ్ సేనాధిపతి. తుపాకీ పట్టిన చేతులు బ్యాలెట్ పెట్టెను నమ్మాయి. అధికారం పంచితే దేశం విడిపోతుందన్న భయం ఆచేలో నిజం కాలేదు. పంచనన్నాళ్లూ విడిపోయే కోరిక పెరిగింది, పంచాక తగ్గింది.

అయితే కథ అక్కడితో సుఖాంతం కాలేదు. సత్యశోధన సంఘం ఏర్పడటానికి 2016 దాకా పట్టింది. రుమో గెదోంగ్ వంటి ఘోరాలు జరిగిన మాట నిజమేనని దేశాధ్యక్షుడు జోకో విడోడో ఒప్పుకున్నది 2023లో. దోషులకు శిక్షలు పడలేదు. ఆచే శాసనసభ 2013లో ఆమోదించిన జెండాను, గామ్ జెండాను పోలి ఉందంటూ జకార్తా అంగీకరించలేదు. 2025లో నాలుగు చిన్న దీవులను కేంద్ర హోం శాఖ ఉత్తర సుమత్రాలో చూపించేసరికి ఆచే భగ్గుమంది. హెల్సింకీ పత్రంలో 1956 జులై 1 నాటి సరిహద్దులు అని రాసి ఉంది కదా అని అడిగారు. ఆ జూన్‌లో అధ్యక్షుడు ప్రబోవో ఆ దీవులు ఆచేవేనని తేల్చాక గాని శాంతించలేదు.

తప్పంతా జకార్తాదే అనడానికీ లేదు. 2008 నుంచి ఆచేకు ప్రత్యేక నిధులు ధారాళంగా వచ్చాయి. చట్టంలో రాసిన గడువు 2027. అరూన్ గ్యాసు ఎగుమతి 2014లోనే ముగిసింది. ఇంత డబ్బు వచ్చినా సుమత్రా దీవిలో పేదరికం ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో ఆచే ఒకటిగానే మిగిలింది. జైలు పైకప్పు ఛేదించుకొని వచ్చి గవర్నరైన ఇర్వందీ ఆ ప్రత్యేక నిధులకు సంబంధించిన అవినీతి కేసులోనే 2019లో శిక్షపడి మళ్ళీ జైలుకు వెళ్లారు. 2015 నుంచి అమలవుతున్న శిక్షాస్మృతి కింద పడే బెత్తం దెబ్బలు పేదవాడి వీపుకే ఎక్కువ తగులుతున్నాయని, ఖజానా తిన్న పెద్దలకు తగలడం లేదని ఆచే వారే అంటున్నారు. కాఫీ పండే గాయో కొండ ప్రాంతాలవారు, నైరుతి తీరంవారు బండా ఆచే పెత్తనం మాకొద్దు, మాకు వేరే రాష్ట్రం కావాలని ఎన్నో ఏళ్లుగా అడుగుతున్నారు. జకార్తా ఆచేతో వ్యవహరించినట్టే ఆచే తన కొండ ప్రాంతాలతో వ్యవహరిస్తోందన్నది వారి ఫిర్యాదు.

దీనినిబట్టి ఒక సంగతి స్పష్టమవుతోంది. వేరు దేశమా, స్వపరిపాలనా అన్న వాదంలో జెండా ఏ రంగుదన్నది పైకి కనిపించే ప్రశ్న. లోపల ఉన్న ప్రశ్న వేరు. మా బిడ్డ ఏమయ్యాడో చెప్పేవారున్నారా? మా నేల సంపద లెక్క చూపేవారున్నారా? ఇచ్చిన మాటకు సాక్షులున్నారా? ఈ ప్రశ్నలకు జవాబు ఉన్నచోట ప్రజలు కలిసి ఉండటానికే ఇష్టపడతారు. లేనిచోట కొత్త దేశం వచ్చినా కొత్త ఫిర్యాదులు పుడతాయి. అధికారం ఎవరి చేతిలో ఉన్నా అది సొంత ఆస్తి కాదు, అమానతు. జకార్తాలో ఉంటే జకార్తావారు, బండా ఆచేలో ఉంటే అక్కడివారు దానికి జవాబు చెప్పుకోవాలి.

1948లో నగలు తీసి ఇచ్చిన ఆ స్త్రీలలో ఎవరూ రసీదు అడిగి ఉండరు. దేశం మనదే అన్న నమ్మకంతో ఇచ్చారు. బ్లాంగ్ పడాంగ్ మైదానంలోని ఆ పాత విమానం వారి బంగారాన్నే కాదు, ఆ నమ్మకాన్ని కూడా గుర్తుచేస్తుంది. బంగారం అప్పు ఎవరూ అడగలేదు. నమ్మకం అప్పు మాత్రం ఇంకా కొంత తీరవలసే ఉంది.